జడ తిన్న పొడవు

పరంజా లెక్కలు నేర్చుకోవాలంటే ఏ కోర్సు చేయాలని కొత్తగా పనిలో చేరినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. నేను ఏ కోర్సూ చేయలేదు. తొమ్మిదో తరగతితో బడి మానేసి, ఇరవై ఎనిమిదో ఏట కోరుట్ల దగ్గరి మా ఊరి నుంచి హెల్పరుగా బహ్రెయిన్ వచ్చాను. మా ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ ఇది దుబాయే. ఇరవై ఆరేళ్ళు చేసి, మోకాళ్ళు ఇక నిచ్చెనలు వద్దన్నాక, యాభై నాలుగో ఏట మానుకున్నాను. వీసా ఇంకా కొన్ని నెలలుంది. ఇక్కడే గుదైబియాలో నా గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

మొదటి రెండేళ్ళు పైపులు మోశాను. ప్రతి సైటులోనూ ఒకటే గొడవ. పైనున్న మనిషి పైపులను కలిపి బిగించే క్లాంపు కోసం చెయ్యి చాపుతాడు, కింద క్లాంపులు అయిపోయి ఉంటాయి. లారీ మళ్ళీ గోదాముకు వెళ్ళి రావాలి. ఒకరోజు ఊరికే కూర్చోలేక సిమెంటు సంచి చింపి లెక్క వేశాను. ఒక పైపు ఇంకో పైపును తాకే ప్రతిచోటా ఒక క్లాంపు కావాలి. తాకే చోట్లు లెక్కపెడితే చాలు. అంతకుమించి ఇందులో రహస్యమేమీ లేదు. తర్వాత ఇరవై నాలుగేళ్ళూ నేను లెక్కపెట్టింది తాకే చోట్లే.

ఈ పనిలో మూడు అంకెలు చెప్పాలి. సామాను ఎంత, రోజులెన్ని, పైన ఒకేసారి ఎంతమంది నిలబడవచ్చు. మొదటి రెండూ తప్పితే తిట్లు పడతాయి. మూడోది తప్పితే మనిషి పడతాడు. జీతం ఎప్పుడు పెరిగింది, సూపర్‌వైజరు టోపీ ఎప్పుడు వచ్చింది అన్నవి మీకు పనికిరావు. నాకు పని నేర్పిన ఒక పెద్దమనిషి గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

మూడు గళ్ళ కాగితం

పెద్దమనిషి మా ఇంజనీరు జాసిమ్ గారు. ముహర్రక్‌లో పుట్టి పెరిగిన మనిషి. హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. ముహర్రక్‌లోనే ఒక పాత ఇంటి మరమ్మతుకు పరంజా వేస్తున్నప్పుడు, మిద్దె దూలాల మీద ఎంత బరువు పెట్టవచ్చని నన్ను అడిగాడు. చెప్పాను.

"ఈ అంకె ఎక్కడిది?"

"మేస్త్రీ చెప్పాడు సార్."

"మేస్త్రీకి ఎవరు చెప్పారు?"

ఆయన నా చేతిలోని కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, మూడు గళ్ళు గీశాడు. కొలిచింది, లెక్క కట్టింది, విన్నది. "మూడో గడిలో ఒక్క అంకె ఉన్నా సంతకం పెట్టకు" అన్నాడు. తర్వాత మేకు తీసుకుని దూలంలోకి గుచ్చాడు. రొట్టెలోకి దిగినట్టు దిగింది. బయట రంగు బాగుంది, లోపల చెద తినేసింది.

జాసిమ్ గారికి పొగడటం తెలియదు. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా నాతో బాగా చేశావని అనలేదు. ఎండలో రెండు గంటలు నిలబెట్టి ఒకే కొలత నాలుగుసార్లు తీయించేవాడు. అయినా నేను చూసిన పెద్దల్లో మంచివాడని ఆయన్నే అంటాను, ఎందుకంటే తన తప్పును ఎప్పుడూ కూలీ మీదికి తోయలేదు. ఆయన గీసిన గళ్ళ కాగితంతోనే నేను అన్ని పనులూ చేశాను. కానీ ఆ కాగితంలో నాలుగో గడి ఒకటి ఉండాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అసలు అడగనేలేదు అనే గడి అది.

తలుపు లేని బురుజు

ఒక సినిమా కంపెనీ సఖీర్ ఎడారిలో బురుజు కట్టమని మా కంపెనీకి పని ఇచ్చింది. జర్మనీ వాళ్ళ పాత కథ అట. మంత్రగత్తె ఒక పిల్లను తలుపూ మెట్లూ లేని బురుజులో పెడుతుంది. పైకి ఎవరు రావాలన్నా ఆ పిల్ల తన పొడుగాటి జడను కిటికీలోంచి వదలాలి, వాళ్ళు దాన్ని పట్టుకుని ఎక్కాలి. ఇదివరకు బొమ్మల సినిమాలుగా వచ్చిన కథే కానీ, వీళ్ళు నిజం మనుషులతో తీస్తున్నారు. కథలో చివరికి ఆ పిల్లను తీసుకెళ్ళి ఎడారిలో వదిలేస్తారట. అందుకని దర్శకురాలు బురుజునే ఎడారికి తెచ్చుకుంది. అందరూ ఆమెను మేడం అనేవాళ్ళం.

లోపలంతా మా పైపులు, బయట ప్లైవుడ్, దాని మీద రాయిలా కనిపించే ప్లాస్టరు. కిటికీ గడప నేల నుంచి సరిగ్గా పది మీటర్లు. అది నేనే కొలిచాను.

మా గ్యాంగులో మల్లేశం అని ఒకడుండేవాడు. మెట్‌పల్లి వైపు మనిషి. ముప్పై నాలుగేళ్ళు, పైపు మీద బల్లిలా పాకుతాడు. బురుజు నక్షా చూసినప్పటి నుంచీ వాడికి ఒకటే నవ్వు.

"తలుపు లేదు, మెట్లు లేవు. గీ ఇంజనీరు ఎవడే గంగారామన్నా?"

"మంత్రగత్తె."

"గా పిల్ల కఫీల్ గట్టోడే ఉంటడు. పాస్‌పోర్టు గుంజుకునుడు కాదు, మెట్లే గుంజుకున్నడు." కఫీల్ అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని.

రాజకుమారుడు జడ పట్టుకుని ఎక్కే సన్నివేశానికి విదేశం నుంచి ఒక డూపును తెచ్చారు. అతను గుర్రం సీనులో చీలమండ బెణికించుకున్నాడు. ఆ సాయంత్రమే మేడం మా పైపుల దగ్గరికి వచ్చింది. మల్లేశం నిచ్చెన లేకుండా మూడో అంతస్తుకు ఎక్కడం చూసింది. ఎత్తూ ఒడ్డూ సరిపోయాయి. ముఖం కనిపించదు, వెనక నుంచే తీస్తామన్నారు. మల్లేశం ఒప్పుకోవడానికి ఒక్క క్షణం పట్టలేదు. ఆ రోజే ఇంటికి ఫోను చేసి, ఏడేళ్ళ బిడ్డతో "మీ నాయన రాజకుమారుడు అయిండే" అని చెప్పాడు. ఆ పిల్ల నమ్మలేదట. ఫొటో పంపమందట. వాడు వెల్వెట్ కోటు వేసుకుని ఫొటో దిగి పంపాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో రోజూ అదే ముచ్చట.

కోటు, బూట్లు, కత్తితో సహా వాడిని తూకం వేశాను. డెబ్బై తొమ్మిది కిలోలు.

పన్నెండు మీటర్లు

జుట్టు మనిషిని మోయదు. అందుకని జడ లోపల సన్నని ఉక్కు తాడు పోనివ్వాలని అనుకున్నారు. తాడుకు మీటరుకొకటి చొప్పున చిన్న ఉచ్చులుంటాయి, అవి జుట్టులోంచి కొంచెం బయటికి కనిపిస్తాయి. మల్లేశం చేతులతో జడ పట్టుకుని ఎక్కుతూ, నడుము బెల్టు కొక్కేన్ని ఒక్కో ఉచ్చుకు తగిలించుకుంటూ పోవాలి. తాడు పై చివర కిటికీ లోపల మా పైపుకు బిగిస్తాం. బరువంతా తాడు మీద, తాడు బరువు పైపు మీద, పైపు బరువు నేల మీద. జుట్టు అలంకారం మాత్రమే.

ఎంత పొడవు కావాలని వాళ్ళ ఫైట్ మాస్టర్ నన్ను అడిగాడు. గడప నుంచి నేలకు పది, కిటికీ లోపల పైపు దాకా ఒకటి, నేల మీద పరుచుకోవడానికి ఒకటి. పన్నెండు. జుట్టు పన్నెండు మీటర్లు, తాడు పన్నెండు మీటర్లు అని రాసిచ్చాను. గళ్ళ కాగితంలో అన్నీ మొదటి రెండు గళ్ళలోనే ఉన్నాయి. విన్నది ఒక్కటీ లేదు. కాగితం చూసుకుని నాకు ముచ్చటేసింది కూడా.

జుట్టు విదేశం నుంచి వచ్చింది. తాడు రెండు చివర్లా రింగులు బిగించి వచ్చింది. జడ అల్లడానికి అయిదుగురు ఆడవాళ్ళను పెట్టారు. వాళ్ళ పెద్ద సత్యవతమ్మ. పాలకొల్లు దగ్గరి మనిషి. పన్నెండేళ్ళు ఇళ్ళల్లో పని చేసి, తర్వాత ఒక బ్యూటీ పార్లరులో చేరింది. గుడారంలో అయిదుగురూ రెండు రోజులు కూర్చుని అల్లారు.

రెండో రోజు సినిమావాళ్ళ సామాను చూసే అతను వచ్చి, జడ పొట్టిదైందని, నేలకు మీటరున్నర పైనే ఆగిపోయిందని చెప్పాడు. వాళ్ళ విషయం వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను. వాళ్ళు చూసుకున్నారు కూడా. కొంచెం వదులుగా మళ్ళీ అల్లించి, జడ పై చివరను కిటికీ గడప దగ్గరున్న ఇనుప కొక్కేనికే కట్టేశారు. ఇప్పుడు నేలకు తగిలింది. "తగిలిందా?" అని అడిగాను. తగిలిందన్నారు. తాడును జడలోకి దూర్చకముందే విడిగా వేలాడదీసి, రెండు వందల కిలోలతో పరీక్షించి ఉన్నాం. ఎంత బరువు మోస్తుందో రాసే బరువు కాగితం మీద సంతకం పెట్టాను.

పన్నెండు మీటర్ల జుట్టు పది మీటర్లు ఎలా అయిందని నేను అడగలేదు. జుట్టు గురించి మనకెందుకు అనుకున్నాను. నా తప్పు అదే. ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్నదిగా కనిపిస్తుందో, ఆ రోజు అంతకంటే చిన్నదిగా కనిపించింది.

సవరం

షూటింగు పొద్దున. మేడంకు కావలసిన వెలుతురు ఎనిమిది నుంచి తొమ్మిదిలోపే ఉంటుంది. మల్లేశం బురుజు కింద కోటు సర్దుకుంటున్నాడు. నేను పైన కిటికీ వెనక చెక్కల మీద ఉన్నాను. సత్యవతమ్మ గడప దగ్గర కూర్చుని జడ మొదట్లో లేచిన వెంట్రుకలు సర్దుతోంది. సర్దుతూ సర్దుతూ ఆగింది.

"గంగారాం గారూ, ఒక మాటడుగుతాను, కోప్పడరు కదా?"

"అడుగమ్మా."

"ఈ తాడు ఎందుకండీ ఇంత వదులుగా ఉంది?"

"వదులెక్కడిది? రెండు పక్కల బిగించిండ్రు కదా."

"పట్టుకు చూడండి మీరే."

చెయ్యి పెట్టాను. జుట్టు లోపల తాడు నిటారుగా లేదు. పాములా మెలికలు తిరిగి ఉంది.

"జడ తింటుందండీ" అందామె. "మూడు పాయలు వేస్తే ఆరో వంతు తినేస్తుంది. బిగించి అల్లితే అయిదో వంతు. ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. సవరం పెట్టుకునేవాళ్ళం కొనేటప్పుడే జానెడు ఎక్కువ పొడుగుది కొంటాం. మీరు జుట్టుకీ తాడుకీ ఒకటే లెక్కిచ్చారంట కదా. జుట్టుని జడ తినేసింది. తాడుని తినదు కదండీ. మరి ఆ మిగిలిన తాడు ఎక్కడికి పోద్ది?"

ఎక్కడికి పోయిందో నా చేతికి తెలుస్తూనే ఉంది. తాడు కింది రింగును జడ చివరకు కుట్టారు. పై రింగు మా పైపుకు ఉంది. మధ్యలో మిగిలిన మీటరు తాడును సామాను అతను జడలోకే తోసేశాడు. జడ లావుగా కనిపించిందని మేడం సంతోషించిందట కూడా.

"సవరం వదులుగా కట్టుకుంటే ఏమవుద్దో తెలుసా అండీ?" సత్యవతమ్మ గొంతు తగ్గించింది. "బరువంతా సొంత జుట్టు మీద పడుద్ది. సాయంత్రానికి తల పీకేస్తది. సవరం బిగువుగా ఉండాలి, సొంత జుట్టు వదులుగా ఉండాలి. ఇక్కడ తిరగబడిందండీ."

తాడు వదులుగా ఉంటే బరువు ముందు జుట్టు మీద పడుతుంది. జుట్టు కట్టి ఉన్నది గడప దగ్గరి కొక్కేనికి. కొక్కెం బిగించి ఉన్నది ప్లైవుడ్‌కు. అది చూపులకు పెట్టిన కొక్కెం. దాని మీద బరువు పడుతుందని నేను ఏ గడిలోనూ రాయలేదు.

కింద నుంచి, కానివ్వండంటూ "యల్లా, యల్లా" అని కేకలు. మల్లేశం రెండు చేతులతో జడ పట్టుకున్నాడు.

"మల్లేశం! చేతులు తియ్యి!" అని అరిచాను.

"ఏమైందన్నా?"

"తియ్యమన్ననా లేదా!"

తీశాడు.

సంచి పేరు

దిగి వెళ్ళి అందరి ముందూ చెప్పాను. నా లెక్క తప్పని, సంతకం వెనక్కి తీసుకుంటున్నానని. సినిమావాళ్ళ మేనేజరుకు కోపం వచ్చింది. నిన్న సంతకం పెట్టిన మనిషి ఈ రోజు ఒక జడలల్లే ఆమె మాట విని పని ఆపడమేమిటన్నాడు. ఆయన కోపం అన్యాయం కాదు. ఆ వెలుతురు కోసం వంద మంది నిలబడి ఉన్నారు.

మల్లేశానికి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. "పది మీటర్లే కదనే. రోజూ ముప్పై ఎక్కుత. గిప్పుడు నువ్వు ఆపితే డూపు కాలు మంచిగైతది, నా పని ఖలాస్. నా బిడ్డకు ఏం చెప్పాలె?"

జాసిమ్ గారు దగ్గరికి వచ్చి ఒక్క మాట అడిగాడు. "ఇది విన్నదా, కొలిచిందా?"

"వింటే తెలిసింది సార్. ఇంకా కొలవలేదు."

"అయితే కొలువు."

ఎనభై కిలోల ఇసుక సంచి తెప్పించాం. ఉచ్చుకు కాకుండా, మనిషి చేతులు పట్టుకునే చోట జడకే కట్టాం. కప్పీతో ఆరు మీటర్ల దాకా ఎత్తి, అందరినీ దూరం జరిపి, మెల్లగా బరువు వదిలాం. సంచి నిలబడింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. మేనేజరు నా వైపు చూశాడు. నాలుగు అనేలోపు కొక్కెం ప్లైవుడ్ ముక్కతో సహా ఊడి వచ్చింది. సంచి ఒక మీటరు కిందికి పడి, తాడు బిగుసుకుని, వెనక్కి ఊగి గోడకు కొట్టుకుంది. ప్లాస్టరు పగిలింది. సంచి చిరిగి ఇసుక అంతా కారిపోయింది.

ఖాళీ అవుతున్న సంచి వైపు మల్లేశం చూస్తూ నిలబడ్డాడు.

"గా సంచి పేరు మల్లేశమా అన్నా?" అన్నాడు.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఒకటి చెప్పాలి. తాడును విడిగా పరీక్షించాను, పైపును విడిగా లెక్కవేశాను, మనిషిని విడిగా తూచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడూ కలిసి ఉన్నదాన్ని ఒక్కసారీ చూడలేదు. వస్తువును పనిలో ఎలా ఉంటుందో అలాగే పెట్టి పరీక్షించండి. మీది కాని పనిలోని మనిషి ఏదైనా అడిగితే, ఆమెకు ఏం తెలుసులే అనుకోకండి. సత్యవతమ్మ నేను సంతకం పెట్టిన రోజే ఆ గుడారంలో ఉంది. నేను వెళ్ళి అడిగి ఉంటే ఆ రోజే చెప్పేది.

సరిచేయడం కష్టం కాలేదు. రింగులు బిగించిన తాడును కోయలేం. అందుకని పైపునే వెనక్కి జరిపాను. తాడును మీటరు మీద జానెడు లోపలికి లాగి బిగించే చోట కొత్త పైపు వేశాం. ఆ జానెడు సత్యవతమ్మ చెప్పిన కొలత. తాడు బిగువుగా, జుట్టు జానెడు వదులుగా. తాడు నిటారు కావాలంటే జడ విప్పి మళ్ళీ అల్లాలి. అయిదుగురు ఆడవాళ్ళు సాయంత్రం దాకా అల్లారు. ఊడిన కొక్కేన్ని, పగిలిన ప్లాస్టరును బాగుచేశాక సంచి మళ్ళీ కట్టాం, ఈసారి నూట అరవై కిలోలు. గంట సేపు వేలాడింది. కొక్కేన్ని వేలితో తాకి చూశాను. దాని మీద బరువే లేదు.

బరువు కాగితం కొత్తగా రాసి, నా సంతకం పక్కన సత్యవతమ్మను కూడా పెట్టమన్నాను. ఆమె ముందు ఒప్పుకోలేదు. "నాకేటి తెలుసండీ ఈ కాగితాలు" అంది. తర్వాత తాడును తనే ఒకసారి లాగి చూసుకుని, తెలుగులో పేరు రాసింది. జాసిమ్ గారు ఆ అక్షరాలను కాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆరు సార్లు

డూపు కాలు ఒక్క రోజులో బాగుపడలేదు. మర్నాడు పొద్దున అదే వెలుతురుకు మల్లేశం మళ్ళీ కోటు వేసుకున్నాడు. పైకి ఎక్కేముందు నన్ను అడిగాడు.

"అన్నా, నిజం జెప్పు. భయపడాల్నా?"

"కొంచెం భయపడు. లెక్క సరిగ్గనే ఉన్నది. ఒక్క ఉచ్చు గూడ విడువకు."

నేను కిటికీ వెనక కెమెరాకు కనిపించకుండా కూర్చున్నాను. ఎడమ చెయ్యి తాడు మీద పెట్టాను. వాడు నేల వదలగానే తాడు వీణ తీగలా బిగుసుకుంది. ఒక్కో ఉచ్చుకు కొక్కెం పడినప్పుడల్లా చిన్న శబ్దం. పది శబ్దాలు లెక్కపెట్టాను. వాడి తల గడప పైకి వచ్చింది. ముఖమంతా చెమట, కళ్ళలో నవ్వు.

కింద నుంచి మేడం ఇంకోసారి అంది.

ఆరు సార్లు ఎక్కించింది. ఒకసారి కత్తి కాళ్ళ మధ్య ఇరుక్కుంది, ఒకసారి మబ్బు అడ్డం వచ్చింది, ఒకసారి ఎందుకో ఆమెకే తెలియాలి. ఆరు సార్లూ నా చెయ్యి తాడు మీదే ఉంది. వాడు నేల మీదికి దిగి తాడు సడలినప్పుడు మాత్రమే నేను చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకునేవాణ్ణి. ఆరోసారి పైకి వచ్చాక, కింద నుంచి చప్పట్లు వినిపించాయి. వాడు గడప దాటి మా చెక్కల మీదికి వచ్చి వెల్లకిలా పడుకున్నాడు.

"సత్యవతక్కా," అన్నాడు ఊపిరి తీసుకుంటూ, "నిన్న నువ్వు జెప్పకపోతే ఎట్లుండునే?"

సత్యవతమ్మ జడలో లేచిన వెంట్రుకలు సర్దుతోంది. తల ఎత్తలేదు.

"ఎలా ఉండేదేముంది తమ్ముడూ. మీ ఇంటికి ఫోను చేసే పని గంగారాం గారికి పడేది."

కాసేపటికి మల్లేశం లేచి కూర్చుని బూట్లు విప్పబోయాడు. అవి కాలు బెణికిన ఆ డూపు కొలతవి, వాడికి ఒక సైజు చిన్నవి. ఆరు సార్లు ఎక్కాక పాదాలు ఉబ్బి బూట్లు రాలేదు. నేను ఒకటి పట్టుకుని లాగాను. రెండోది సత్యవతమ్మ లాగింది.